కొండెక్కేటప్పుడు అరిచే పేరు

ఆ రోజుల్లో ఓటు అందరికీ ఉండేది కాదు. అందులోనూ మద్రాసు పెద్దసభకు, అంటే లెజిస్లేటివ్ కౌన్సిలుకు, ఓటెయ్యాలంటే బోలెడు శిస్తు కట్టే భూములన్నా ఉండాలి, ఇన్‌కంటాక్సు కట్టే వ్యాపారమన్నా ఉండాలి, సర్కారు ఇచ్చిన బిరుదన్నా ఉండాలి. నాకు వాటిలో ఒక్కటీ లేదు. అయినా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు వచ్చిన ఎన్నికల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఓటర్ల మనసుల్లో ఏముందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మదనపల్లెలో ఒక ప్లీడరుగారి దగ్గర జూనియరుగా చేరి ఏడాదయింది. (జూనియరంటే వాయిదాలు అడగడం, సీనియరుగారి గౌను మోయడం. నోరు తెరిచి వాదించింది ఒక్క మేకల కేసు. అదీ ఓడిపోయాను.)

మా సీనియరుగారు ఆ ఎన్నికల్లో స్వతంత్రంగా నిలబడ్డారు. నామినేషను వేసిన సాయంత్రం నన్ను పిలిచి, "ఏమప్పా, గెలిస్తే నేను మద్రాసులోనే ఉండాల్సొస్తాది. ఈ ఆఫీసు నువ్వే సూసుకోవాల" అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు రెండుసార్లు ఆఫీసులో ఆయన కుర్చీలో కూర్చుని చూశాను కూడా. కొంచెం ఎత్తుగా ఉంది, సర్దుకోవచ్చు అనుకున్నాను.

ఆయన పేరు వెంకటరమణ. ఆయన మీద పార్టీ నిలబెట్టినాయన పేరు గోవిందప్ప. (ఇందులో ఎవరి పేర్లూ రాయకూడదనుకున్నాను గానీ, ఈ రెండు పేర్లూ లేకపోతే చెప్పడానికేమీ మిగలదు.) మా జిల్లాలో మగపిల్లవాడు పుడితే తిరుమల స్వామి పేర్లలో ఏదో ఒకటి పెట్టడం మామూలే కాబట్టి, ఇద్దరు అభ్యర్థులూ ఆయన పేరింటివాళ్లే కావడం మాకెవరికీ వింతగా తోచలేదు.

ఎవరు మనవాళ్లో, ఎవరు కారో జాబితా రాసే పని నాది. బొగ్గుతో నడిచే బస్సులో ముఖం నల్లగా చేసుకుని మూడూళ్లూ తిరిగాను. మదనపల్లె ఓటర్లలో చాలామంది మా సీనియరుగారి క్లయింట్లు. కేసు నడిచినంత కాలం మనవాళ్లేనని ఆయన ధీమా. కుప్పం వాళ్లు రైలులో వచ్చే పేపర్లు రోజూ చదివేవాళ్లు, పార్టీ పక్షం. అక్కడ ఒక వ్యాపారి నాకు కాఫీ ఇప్పించి, "మేము పార్టీకే ఏస్తామప్పా. నీకు కాఫీ ఇచ్చేదానికి అదేం అడ్డమా?" అన్నాడు. ఇక తేల్చాల్సింది పుంగనూరే. అక్కడ ఒక్క ఓటు కూడా జారిపోకూడదని సీనియరుగారు మరీ మరీ చెప్పి పంపారు.

పుంగనూరులో ఓటున్న ఒకే ఒక ఆడమనిషి గానుగ పెద్దమ్మ. చెరుకుతోటలు, బెల్లం గానుగ అన్నీ తండ్రి ఇచ్చిపోయినవి. భర్త ఇల్లరికం వచ్చినాయన, ఆయనకు ఓటు లేదు. ఆమె నాకు బెల్లం పాకం గిన్నెలో పోసి పెట్టి, "మీ ప్లీడరుకే ఏస్తా నాయినా. మా భూమి తగువు తీర్చినోడు ఆయనే" అంది. అంతలోనే ముఖం చిన్నబుచ్చుకుంది. "అయితే నాకు సదువు రాదు. ఆడ ఆఫీసరు పేరు సెప్పమంటాడంట గదా. ఎట్ల సెప్పేది? మా ఇంటాయన పేరూ అదే."

మొగుడి పేరు నోటితో అనకూడదు. ఆయన పేరూ వెంకటరమణే. గడపలో కూర్చున్న ఆయన, ఇదంతా తన తప్పే అన్నట్టు తల వంచుకున్నాడు. లా చదివినవాణ్ణి గదా, నాకు క్షణంలో ఉపాయం తట్టింది.

"పేరెందుకు పెద్దమ్మా? కొండెక్కేటప్పుడు అందరూ అరుస్తారే, ఆ పేరు అని చెప్పు. చాలు."

ఆమె ముఖం విప్పారింది. "సదువుకున్నోడివంటే నువ్వేనప్పా" అంది. నేను ఇంకో గిన్నె పాకం తాగి, జాబితాలో ఆమె పేరు కింద రెండు గీతలు గీశాను.

పోలింగు రోజు నేను మా వైపు ఏజెంటుగా కూర్చున్నాను. పక్కన పార్టీ ఏజెంటు, ఖద్దరు టోపీ, నా వయసువాడే. పెద్దమ్మ గూడుబండిలో వచ్చింది. భర్త ఎద్దులను పట్టుకుని బయటే నిలబడ్డాడు. ఆఫీసరు ఎక్కడో నెల్లూరు వైపు నుంచి వచ్చిన నిదానస్తుడు. ఓటర్ల పట్టీలో ఆమె తండ్రి పేరే ఉంది గానీ మొగుడి పేరు లేదు.

"ఎవరికి వెయ్యాలో పేరు చెప్పండమ్మా."

"కొండెక్కేటప్పుడు అందరూ అరుస్తారే, ఆ పేరు సామీ."

ఆఫీసరు కళ్లు మూసుకుని మెట్లెక్కుతున్నవాడిలా గొణుక్కున్నాడు. "ఏడుకొండలవాడా, వెంకటరమణా, గోవిందా, గోవిందా." కళ్లు తెరిచి, "అదేనా?" అన్నాడు.

"అదే" అంది పెద్దమ్మ.

రెండుసార్లు వచ్చిన పేరు పక్కన ఆయన గుర్తు పెట్టాడు. నేను సగం లేచి నోరు తెరిచాను. "ఏజెంట్లు మాట్లాడకూడదు" అన్నాడు. పార్టీ ఏజెంటు కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గాడు. పెద్దమ్మ నా ముందు ఆగి, "ఏసేసినాప్పా" అని మెల్లగా చెప్పి వెళ్లింది. నా ఆఫీసు, నా కుర్చీ అక్కడికక్కడే గోవిందా.

ఫలితాలు వచ్చాయి. పార్టీ ఆయన చాలా ఓట్ల తేడాతో గెలిచారు. పెద్దమ్మ ఓటు ఎటు పడ్డా ఒకటే. నా జాబితాలోని మనవాళ్లలో సగం మంది మనవాళ్లు కారు. సీనియరుగారు మాత్రం కొంచెం కూడా కుంగలేదు. మొగుడి పేరు పలకకుండానే ఓటేసిన సంగతి పెద్దమ్మే ఆయనకు చెప్పిందట. "పోతే పోయిందిలేప్పా. గొంతు దాటని పేరుకు ఆయమ్మ ఓటేసింది. అది సాలు నాకు" అన్నారు. నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. ఆ ఒక్క ఓటు గురించి ఆయన పదేళ్లు అందరికీ చెప్పుకున్నారు. చివరికి ఆఫీసు నాకు అప్పజెప్పినప్పుడు కూడా, "ఆ ఓటు తెచ్చినోడు కాబట్టే ఇస్తాండా" అన్నారు. కుర్చీ ఇప్పటికీ కొంచెం ఎత్తుగానే ఉంది.

ఏటా మేము కొండకు నడిచే వెళ్తాం. మెట్ల మీద జనమంతా ఒక్క గొంతుతో అరుస్తుంటే నేనూ గొంతు కలుపుతాను. ఏడుకొండలవాడా, వెంకటరమణా అని అక్కడే ఆపేస్తాను. "యాల ఆపేస్తిరి? అసలుది ముందుండాది గదా" అంటుంది మా ఆవిడ. ఆయాసం అని చెప్తాను.