నాలుగు వేళ్ళ గడ్డి

మా బావకి ముందు గడ్డి, ఆ తర్వాతే మనుషులు. ఈ మాట ఆయన మొహం మీదే వందసార్లు అన్నాను. నవ్వేసేవాడు. ఇప్పుడు అనను.

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పచ్చికలన్నీ ఆయన చేతి కిందే ఉన్నాయి. మా అక్కని చేసుకున్నందుకు ఆయన మిషన్లకి బ్లేడ్లు సానపట్టే పని నా నెత్తిన పడింది. గడ్డి కోసే మిషనుకి చక్రం పక్కన ఒక మీట, దానికి ఐదు గాట్లు ఉంటాయి. ఒకటో గాట్లో పెడితే బ్లేడు నేలని రాసుకుంటూ పోతుంది, ఐదో గాట్లో పెడితే గడ్డి కొసలు మాత్రం తెగుతాయి. మిగతావాళ్ళు మూడులో పెట్టి ఊరంతటికీ ఒకటే క్షవరం చేసేస్తారు. బావ అలా కాదు. ముందు వంగి, చెయ్యి అడ్డంగా నేలకి ఆనించి, గడ్డి ఎన్ని వేళ్ళ ఎత్తుందో చూసేవాడు. బంతి దొర్లించి ఆడుకునే క్లబ్బులో గోరు మందం ఉంచేవాడు. పిల్లలు పడి లేచే బడి మైదానంలో రెండు వేళ్ళు, ఎండ కాసే ఆసుపత్రి ముందు మూడు, చెట్ల కింద పార్కులో నాలుగు.

"నీడలో ఉన్నదానికి ఆకే ఆధారం రా. అదీ కోసేస్తే ఏం తిని బతుకుతుంది?" అనేవాడు.

ఎంత దించాలన్నా ఒక్కసారికి మూడో వంతు మించి కొయ్యకూడదు. అది ఆయన శాసనం. పోటీల ముందు రోజు క్లబ్బు సెక్రటరీ కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు, పనిలోంచి తీసేస్తానన్నా వినలేదు. ఆయన కోసిన గడ్డి ఎక్కడా ఎండిపోయిందీ లేదు.

వాళ్ళ ఇంటి వెనక, గోడ నీడన, ఓ గదంత పచ్చిక ఉంది. అది నీడ గడ్డి కాబట్టి నాలుగు వేళ్ళు. దాని అవతల బట్టలారేసే తీగ.

నిరుడు ఎండలు ముదురుతున్నప్పుడు అక్కకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ కుడికాలు ఈడ్చేది. రోజూ మెత్తటి నేల మీద నడవమన్నాడు డాక్టరు. బావ చెయ్యి పట్టుకుని తీగ దాకా పన్నెండు అడుగులు వేసేది. ఆ పన్నెండూ తనంతట తాను నడిచి, తన బట్టలు తను ఆరేసుకోవాలని పంతం పట్టింది. అంతకుమించి ఏ కోరికా లేదట. కానీ కుడికాలి బొటనవేలు మాటిమాటికీ గడ్డిలో చిక్కుకునేది.

"ఏవండీ, కాస్త పొట్టిగా కొట్టెయ్యండి. ఓ వేలెత్తు ఉంటే చాలు, నేను నడిచేస్తాను."

"ఒక్కసారే దించితే చచ్చిపోతుందే. మూడు విడతల్లో దించుతా. మూడు వారాలు ఓపిక పట్టు."

అక్క నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పరా మీ బావకి."

నేను చెప్పలేదు. బ్లేడు తుడుస్తూ, "ఊరందరికీ ఒక న్యాయం, నీకో న్యాయమా అక్కా?" అని వేళాకోళమాడాను. అక్క నవ్వేసింది.

"ఆ గడ్డికున్న భాగ్యం నాకేదిరా!"

ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

రెండు విడతలయ్యాయి. గడ్డి రెండు వేళ్ళకి దిగింది. మూడో విడత శనివారం. గురువారం పొద్దున బావ క్లబ్బుకి వెళ్ళగానే, అక్క తడి తువ్వాలు భుజాన వేసుకుని ఒక్కతే బయల్దేరింది. పక్కింటావిడ గోడ మీంచి చూసింది. అక్క తనలో తను నవ్వుకుంటూ ఏడడుగులు వేసిందట. ఎనిమిదో అడుగులో వేలు చిక్కుకుంది.

తుంటి విరిగింది. ఆసుపత్రి మంచం మీదే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, పంతొమ్మిదో రోజున పోయింది. ఆ ఆసుపత్రి కిటికీలోంచి బావ కోసిన మూడు వేళ్ళ గడ్డి చక్కగా కనబడుతూనే ఉంది.

బావ కన్నీటి చుక్క రాల్చలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క పోయిన నాలుగో రోజున ఆయన మిషను ఇంటి వెనక్కి తోసుకెళ్ళి, మీట ఒకటో గాట్లోకి లాగాడు.

"బావా, చచ్చిపోతుంది!" అన్నాను, అలవాటు కొద్దీ.

వినలేదు. అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా తోశాడు. మట్టి లేచింది, బ్లేడు రాళ్ళకి తగిలి మొత్తుకుంది. నేల బోడిగా మిగిలాక మిషను ఆపి, "ఇప్పుడు నడవమనరా మీ అక్కని" అని అక్కడే కూలబడి భోరుమన్నాడు. ఆయన మీద నాకున్న కోపమంతా అప్పుడు నా మీదికి తిరిగింది. నేను ఒక్క మాట సాయం చేసి ఉంటే?

నెల్లాళ్ళు ఎవరం వెనక తలుపు తియ్యలేదు. వానలు మొదలయ్యాయి. ఒక ఆదివారం బావ నన్ను పిలిచి, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాడు.

ఆ గోడ నుంచి తీగ దాకా లేత గడ్డి. ఎక్కడా ఖాళీ లేదు. బావ వంగి చెయ్యి ఆనించాడు. ఒక్క వేలెత్తు.

"చావలేదురా" అన్నాడు.

"ఇప్పుడు వానలు బావా. అప్పుడు మండుటెండలు. అప్పుడు కొట్టి ఉంటే నిజంగానే చచ్చేది. నువ్వు చేసింది తప్పు కాదు" అన్నాను.

ఆయన గడ్డి మీంచి చెయ్యి తియ్యలేదు.

"చస్తే చచ్చేదిరా. మళ్ళీ వేసుకునేవాళ్ళం."