దుబాయి నుంచి వచ్చిన ఫిర్యాదు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో నన్ను ఆర్మూర్ పక్కనున్న ఒక మండలానికి నాయబ్ తహసీల్దారుగా వేశారు. తహసీల్దారు తర్వాతి హోదా అది. ఊళ్ల మీది విచారణలు ఎక్కువగా ఆ కుర్చీకే వస్తాయి. నాకు మొదట వచ్చింది ఒక సాంఘిక బహిష్కరణ కేసు. ఫిర్యాదు చేసినవాళ్లు మాత్రం ఊళ్లో లేరు, దుబాయిలో ఉన్నారు.

ఆ ఊరి దళితవాడ వాళ్లు చావులకు డప్పు కొట్టడం మానేశారు. దానికి గ్రామాభివృద్ధి కమిటీ వాళ్లను వెలివేసింది. ఏ చట్టంలోనూ లేకపోయినా ఊరిని నడిపే పెద్దల సంఘం అది. కొట్టులో సరుకులివ్వరు, ఆటో ఎక్కించుకోరు, కూలికి పిలవరు. మాట్లాడినవాళ్లకు జరిమానా. వాడ మగవాళ్లలో చాలామంది దుబాయిలో కట్టుబడి పనివాళ్లు. వాళ్లే సెలవు రోజున ఒక గదిలో కూడి, సంఘం కట్టుకుని, మానవ హక్కుల కమిషన్‌కు రాశారు. కమిషన్ కలెక్టరును నివేదిక అడిగింది.

సంఘం పెద్ద రాజన్న అనే తాపీమేస్త్రీతో ఫోన్లో మాట్లాడాను. "ఊర్లె ఉన్నోల్లు నోరు దెరువలేరు మేడం. మేము దూరమున్నం, మమ్మల్నేం జేస్తరు? గందుకే మేం మాట్లాడుతున్నం" అన్నాడు.

జీపును ఊరి బయటే ఆపి, అతని భార్య సుశీల వెనకాలే కొట్టుకు నడిచాను. నన్నెవరూ ఎరగరు. ఆమె నూనె అడిగింది. "నీకియ్యద్దన్నరని తెల్వదా? నాకు జుర్మానా పడ్తది" అన్నాడు కొట్టతను. నేను ముందుకొచ్చి హోదా చెప్పి, అక్కడే పంచనామా రాయించాను. జరిగింది జరిగినట్టు సాక్షుల సంతకాలతో రాసుకోవడమే పంచనామా. ఆ ఊళ్లో ఒక్కరూ సంతకానికి రాలేదు. పక్క ఊరివాళ్లను పిలిపించాను.

కమిటీ అధ్యక్షుడు నెమ్మదిగా మాట్లాడే మనిషి. "మేమెవ్వలిని వెలేయలే మేడం. దుబాయిల గూసొని ఊరి ఇజ్జత్ తీస్తున్నరు" అన్నాడు.

నా నివేదిక ఆధారంగా పోలీసులు కమిటీ మీద కేసు పెట్టారు. బహిష్కరణ ఎత్తేస్తున్నామని కమిటీ రాసిచ్చింది. మా ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు ఆర్మూర్ మార్కెట్ యార్డులో లారీ నుంచి పసుపు బస్తాలు దించుతున్న ఒకతను దగ్గరికొచ్చి దండం పెట్టాడు. "నేను రాజన్నను మేడం" అన్నాడు. కమిటీ అధ్యక్షుడి బామ్మర్ది, దుబాయిలో రాజన్న పనిచేసే కంపెనీకే మనుషుల్ని పంపే ఏజెంటట. రాజన్న యూనియన్ పెడుతున్నాడని అతను కంపెనీ చెవిన వేశాడు. అనుమతి లేకుండా గుమిగూడడం అక్కడ నేరం. వీసా రద్దుచేసి పంపేశారు. ఊళ్లో ఇప్పుడు సరుకులిస్తున్నారు గాని, గోడ కట్టడానికి అతన్ని ఎవరూ పిలవడం లేదు.

మళ్లీ ఫిర్యాదు పెట్టమన్నాను.

"ఎవలి మీద పెట్టాలె మేడం? పిలుస్తలేరంటే, పని లేదంటరు. గా కంపిని మీద ఈడికెల్లి ఏం జేస్తం?"

అతను మళ్లీ లారీ దగ్గరికి పోయాడు.

దూరమే అతనికి రక్షణ అని అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. నివేదిక పంపగానే విచారణాధికారి పని ముగుస్తుంది. ఫిర్యాదు చేసిన మనిషిని ఆ తర్వాత కాపాడే పని, నేను చూసిన ఏ ఉత్తర్వులోనూ ఎవరికీ అప్పగించి లేదు.