మత్తయి మాస్టారు ముట్టిన పాత్ర

రేపల్లె దగ్గరి పల్లెలో పాఠాలు చెప్పి రిటైరైన మత్తయి మాస్టారికి పార్కిన్సన్స్ వచ్చింది. చేతుల వణుకుతో పాటు ముఖం జిడ్డు కారుతూ, కనుబొమల నుంచి తెల్లని పొట్టు రాలసాగింది. ఒకప్పటి శిష్యుడు, ఇప్పుడు చర్చి సంఘపెద్ద అయిన అజయ్ బాబు ఆరాధన మధ్యలో మైకు అందుకున్నాడు. "మాస్టారూ, అంటుజబ్బుతో ప్రభు భోజనంలో అందరూ ద్రాక్షరసం తాగే పాత్ర ముట్టుకోకండి" అన్నాడు. విచారణ లేకుండానే తీర్పు వెలువడింది. నాటి నుంచి ప్రభు భోజనానికి మత్తయి లేవలేదు.

ఆ పొట్టు పార్కిన్సన్స్ వల్ల వచ్చిందేననీ, ఎవరికీ అంటదనీ తెనాలి డాక్టరు తేల్చాడు. అది తెలిసి అజయ్ బాబు ఇంటికొచ్చాడు.

"పొరపాటైపోయిందండి మాస్టారూ."

"మైకులో తిట్టి, ఇంట్లో క్షమాపణా? ఆదివారం అదే మైకులో చెప్పరా. పాత్రలో నా తర్వాత నువ్వే తాగాలి."

"అందరి ముందా అండీ?"

"మరి నన్ను వెలేసింది గోడల ముందా?"

ఆదివారం అజయ్ బాబు తల వంచుకుని తప్పు ఒప్పుకున్నాడు. వణికే చేతులతో పాత్ర పట్టుకుని మత్తయి తొందరపడకుండా తాగాడు. పక్కనే మోకరించిన అజయ్ బాబు అదే పాత్ర అందుకుని తాగితే, అతని గొంతులో గుటక దిగేదాకా మత్తయి రెప్ప వాల్చకుండా చూశాడు.

బయట అజయ్ బాబు చేయి చాచితే మత్తయి అందుకోలేదు.

"చెప్పాల్సింది చెప్పావు, తాగాల్సింది తాగావు. క్షమిస్తానని నేనెప్పుడన్నాన్రా?"