నేను కనిపెట్టిన వీరుడు

ఆ రోజుల్లో అసూయకు కూడా పట్టా ఇచ్చి ఉంటే, బి.ఏ. కంటే అది నాకు ముందు వచ్చేది. గురజాల తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉంటూ, చరిత్ర చదివిన నేను రైతుల అర్జీలకు నంబర్లు వేస్తుంటే, పక్క కుర్చీలో స్కూలు ఫైనలు మాత్రమే చదివిన నశ్యం బావ (ఎవరికీ బావ కాదు, అందరూ అలా పిలిచేవారు) తన ఊళ్లో యుద్ధంలో ఒరిగిన వీరుడి పేర నిలిపిన వీరగల్లు మీద వ్యాసం రాసి ఒక మాసపత్రికలో అచ్చు వేయించుకున్నాడు. తహసీల్దారు దాన్ని కచేరీలో పైకి చదివి, “ఏందయ్యా బి.ఏ., నువ్వెప్పుడు రాస్తావు?” అన్నారు. నేను నవ్వాను. అంత కష్టపడి ఎన్నడూ నవ్వలేదు.

అసలు బాధ వేరే ఉంది. నరసరావుపేట హైస్కూల్లో చరిత్ర మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. నేను దరఖాస్తు పెట్టాను. ఆ స్కూలు ప్రెసిడెంటుగారు ఆ పత్రిక వదలకుండా చదువుతారని విన్నాను. అచ్చులో నా పేరు కనబడితే గుమాస్తాగిరీ వదిలిపోతుంది.

ఆదివారం సైకిలేసుకుని మాచర్ల దారిన పోతే, ఒక చేను గట్టున పసుపూ కుంకుమా పెట్టిన రాయి కనిపించింది. దానిమీద బాణం గుర్తు. కలుపు తీస్తున్న ముసలమ్మను అడిగాను. “చానా పాతది నాయనా. మా మామ నాడే ఉంది. మా చేను కాస్తాడు,” అంది. ఇంకేం కావాలి? పల్నాటి యుద్ధంలో ఒరిగిన అజ్ఞాత విలుకాడి మీద పన్నెండు పేజీలు రాసి, పత్రికకు పంపేముందు నశ్యం బావకిచ్చాను (సలహా కోసం కాదు, కుళ్లుకుంటాడని).

ఆయన నిదానంగా చదివి, నశ్యం పట్టు పీల్చి, బీరువాలోంచి ఒక కట్ట తీశాడు.

“నీ వీరుడు మన కచేరీ మనిషేనయ్యా. సర్వే రాయి. ఆ బాణం సర్వేవాళ్లు చెక్కే గుర్తు. మొన్న రాళ్ల తనిఖీ లిస్టులో ఎక్కాడు చూడు.”

చూశాను. ‘రాయి స్థితి: బాగున్నది’ అని ఉంది. చేతిరాత నాదే.

“ఎవరికైనా చెప్తావా బావా?”

“నాకేం పని? విలుకాణ్ణి కొట్టేసి, సర్కారు రాయికి ఆ ముసలమ్మ పసుపెందుకు పెడతందో రాయి.”

రాశాను. అచ్చయింది. ఉద్యోగమూ వచ్చింది. వీడ్కోలు నాడు, ఆలోచన ఆయనదని పత్రికకు రాస్తానన్నాను, పెద్ద మనసుతో.

“వద్దులేవయ్యా. నాదొకటి పడింది, చాలు,” అన్నాడు.

ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లు చరిత్ర చెప్పాను, పదకొండు పుస్తకాలు రాశాను. ఆయన వ్యాసం మీద అసూయ ఎప్పుడో చల్లారింది. ఆ ‘చాలు’ మీద మాత్రం ఇంకా ఉంది. పన్నెండోది మొన్ననే మొదలుపెట్టాను.