వీపున కిటికీ ఉన్న చొక్కా

పోయిన మంగళవారం ఉదయం పదిన్నరకి మా మావయ్య చనిపోయాడు. సంఘం వాళ్ళు వేయించిన ఫ్లెక్సీలో "ప్రభువునందు నిద్రించిరి" అని ఉంది. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు గానీ, ఆయన నిద్రపోయే రకం కాదని మాత్రం పాఠకులకు మనవి చేసుకుంటున్నాను. మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో ఒరిగినా ఒక కాలు కుట్టు మిషను తొక్కే పలక మీదే ఉండేది. ఫ్లెక్సీకి ఇచ్చిన ఫొటోలో కూడా ఆయన మెడలో టేపు ఉంది. టేపు తీసేసి పూలదండ పెట్టమంటారా అని షాపాయన అడిగాడు. టేపు లేకపోతే ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరండీ, వేరే ఎవరో పోయారనుకుని ఇంటికెళ్ళిపోతారు అన్నాను. అలాగే ఉంచేశారు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. కంకిపాడు సెంటర్లో టైలరు. స్కూలు యూనిఫారాలు, చర్చి పాటల బృందానికి అంగీలు, పెళ్ళి సూట్లు కుట్టేవాడు. ఇంకొకటి కూడా కుట్టేవాడు గానీ దాన్ని బోర్డు మీద రాయించలేదు. ఎవరైనా పోతే పెట్టెలో పడుకోబెట్టే ముందు కొత్త తెల్లచొక్కా తొడగాలి కదా. బిగుసుకుపోయిన చేతులకి మామూలు చొక్కా ఎక్కదు. అందుకని వీపు వైపు తెరిచి కుడతారు. ముందు నుంచి చూస్తే గుండీలన్నీ పెట్టుకున్న పెద్దమనిషి. వెనక ఏమీ ఉండదు.

అలాంటి చొక్కాకి కొలత తీసుకోవడానికి ఆయన శవం దగ్గరికి వెళ్ళేవాడు కాదు. ఏడుస్తూ వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "పెద్దాయన మీలో ఎవరంత ఉంటారండీ?" అని అడిగేవాడు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, కొడుకునో తమ్ముణ్ణో ముందుకి తోసేవాళ్ళు. ఆ మనిషి లేచి నిలబడేవాడు. టేపు భుజం మీద పడగానే నిటారుగా అయ్యేవాడు, ఏడుపు ఆగేది. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను. దుఃఖాన్ని కాసేపు ఆపి ఉంచే యంత్రం ఇంతకంటే మంచిది ఏ ల్యాబులోనూ చూడలేదు.

ఇలాంటి మనిషికి ఫుట్‌సల్ అంటించిన పాపం నాది.

ఆటోనగర్లో ఒక స్పేర్ పార్టుల గోడౌను యజమాని ఆదివారాలు సిమెంటు నేల మాకు వదిలేస్తాడు. ఆరాధన అయ్యాక నేనూ, నా కాలేజీ స్నేహితులూ, ఇద్దరు మెకానిక్కులూ కలిసి ఆడతాం. ఫుట్‌బాల్‌ని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే ఫుట్‌సల్. జట్టుకి గోలు కాసే గోలీతో కలిపి ఐదుగురే. గట్టి నేల, చిన్న గోలు, ఎక్కువ ఎగరని బంతి. బంతి బయటికెళ్తే గడియారం కూడా ఆగుతుంది. దీనికి దేశాల మగవాళ్ళ జట్లకి నాలుగేళ్ళకోసారి ప్రపంచకప్ జరుగుతుంది. మన దేశం ఇంతవరకూ అందులో అడుగుపెట్టలేదు కాబట్టి అది జరిగే సంగతి కూడా మనకి పెద్దగా తెలియదు. క్రితంసారి జరిగినప్పుడు ఆ సంగతి తెలిసిన కంకిపాడు పౌరులు ఇద్దరు. ఒకణ్ణి నేను. నేను ఫోను దారపు కండెకి ఆనించి చూస్తుండటం వల్ల రెండోవాడు మావయ్య.

ఓ సాయంత్రం ఆటలో ఒక జట్టు ఒక్క గోలు వెనకబడింది. మూడు నిమిషాలే ఉన్నాయి. వాళ్ళ గోలీ పరిగెత్తుకుంటూ బయటికొచ్చేశాడు. అతని బదులు మామూలు ఆటగాడొకడు, వేరే రంగు చొక్కా తలమీంచి లాక్కుంటూ లోపలికెళ్ళాడు. మావయ్య మిషను ఆపేశాడు.

"ఆపరా, ఆపు. ఎనక్కి తిప్పు."

తిప్పాను.

"ఆ చొక్కా ఈపుకి కిటికీ ఏంట్రా?"

నిజమే. వీపు మధ్యలో నలుచదరంగా కోసేసి ఉంది. లోపలి చొక్కా మీది అంకె అందులోంచి కనబడుతోంది.

"ఈపు తెరిచిన చొక్కా పోయినోళ్ళకి కదరా కుడతాం. ఈడెవడు, బతికుండగా ఏసుకుని పరిగెడతన్నాడు?"

అప్పుడు నేను ఆచార్యుడి ఫోజు పెట్టి వివరించాను. గోలీ బదులు వచ్చినవాడు గోలీ రంగే వేసుకోవాలి, కానీ వీపు మీద తన అంకె కనబడాలి. కిటికీ ఉంటే ఒకే చొక్కా ఎవడైనా వేసుకోవచ్చు. వాడు గోల్లో నిలబడడు. మిగతా నలుగురితో కలిసి దాడికి వెళ్తాడు.

"మరి గోల్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు మావయ్యా. ఖాళీ."

"అంటే ఓడిపోయామని ఒప్పేసుకున్నట్టా?"

"కాదు. ఒప్పుకోనట్టు."

ఆయన మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టి, నాలుగు కుట్లు వేసి ఆగాడు. "ఆ కిటికీ అంచు గుండీ కాజా కుట్టినట్టు కుట్టాలి అల్లుడూ. లేకపోతే పోగులొచ్చేస్తాయి. చూడు, ఊరికే కోసి ఒదిలేశారు. పేరుకి ప్రపంచకప్పు."

పక్కన గుండీలు కుడుతున్న అత్తయ్య తలెత్తకుండానే అంది, "ఇక అయిపోయింది. రేపట్నుంచి ఊళ్ళో యూనిఫారాలన్నిటికీ కిటికీలే."

వారం తిరక్కుండా మా జట్టుకి కిటికీ చొక్కా వచ్చింది. మిరపపండు రంగు. కిటికీ కొలత నా వీపు మీదే తీశాడు. ఆటలో నేను ఎక్కువగా మార్పు ఆటగాళ్ళ బల్ల మీద కూర్చునేవాణ్ణి కాబట్టి నా వీపు ఎప్పుడూ ఖాళీగా దొరికేది. సుద్దతో గీస్తుంటే చక్కిలిగింత పెట్టేది. "కదలమాక. కిటికీ కాస్తా గుమ్మం అయిపోద్ది" అనేవాడు. ఒక చొక్కాతో తృప్తిపడలేదు. ఒకటి చిరిగితే ఇంకోటి, రంగు నచ్చకపోతే ఇంకోటి. కోసిన ముక్కలు మాత్రం పారేసేవాడు కాదు. మిషను నూనె తుడవడానికి ఉంచేవాడు.

మన దేశం ఎప్పటికైనా ఆ ప్రపంచకప్‌కి వెళితే కిటికీ చొక్కా కంకిపాడు నుంచే వెళ్ళాలని ఆయన నిశ్చయం. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, భారత పురుషుల ఫుట్‌సల్ జట్టు కోసం ప్రార్థించమన్నాడు. పాస్టరు గారు ఒక్క క్షణం తడబడి, ఆ ఐదుగురు యౌవనస్థులను బలపరచమని మనస్ఫూర్తిగానే వేడుకున్నారు. బయటికొచ్చాక మావయ్య మొహం మాడ్చుకుని ఉన్నాడు. "బల్ల మీద తొమ్మిదిమంది ఉంటారు కదండీ. ఆళ్ళనెవరు చూస్తారు?" అని పాస్టరు గారినే అడిగాడు. బల్ల మీద కూర్చునేవాళ్ళ కోసం ఎవరైనా అలా కొట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆదివారాలు గోడౌనులో ఒక టైరు మీద కూర్చుని చూసేవాడు. మేం వెనకబడితే చాలు, "కిటికీ" అని కేకేసేవాడు. ఆ కిటుకు ఫలించడం ఎంత కష్టమో నిజం చెప్పాలి. మాకు రెండుసార్లు ఫలించింది. మిగతా అన్నిసార్లూ అవతలివాడు బంతి లాక్కుని, వాళ్ళ గోలు దగ్గర్నుంచే మా ఖాళీ గోలు వైపు కొట్టాడు. బంతి వేగంగా కూడా వెళ్ళదు. దొర్లుకుంటూ వెళ్తుంది. వెనకాల ఎంత పరిగెత్తినా అందదు. అలా పోగొట్టుకున్న ఒక రోజు నేను నేల మీద కూలబడితే, మావయ్య వచ్చి చెయ్యిచ్చి లేపాడు. "కత్తెర పడ్డాక బట్టతో వాదన పెట్టుకోకూడదురా" అన్నాడు. దుకాణంలో నా ఫ్యాంటు పొట్టిగా కోసినప్పుడు కూడా ఇదే మాట అన్నాడు. అప్పుడు నాకు వేదాంతంలా అనిపించలేదు.

ఈ వేసవిలో ఆయనకి నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. బెజవాడ ఆసుపత్రిలో చూపిస్తే గుండెలో రెండు కవాటాలు పాడయ్యాయన్నారు. నెలన్నరలో ఒళ్ళు సగానికి సగం తీసిపోయింది. డాక్టరు గారు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పారు. "ఆపరేషన్ నెగ్గితే మామూలు మనిషవుతారండీ. ఈ గుండె తట్టుకుంటుందని మాత్రం నేను మాటివ్వలేను. చేయకపోతే మందులతో కొన్నాళ్ళు లాగొచ్చు."

"ఒద్దండీ" అంది అత్తయ్య వెంటనే. "ఉన్నన్నాళ్ళే ఉంటారు. ఇంటికి తీసుకెళ్ళిపోతాం."

బయట బల్ల మీద మావయ్య నా వైపు తిరిగాడు. "అల్లుడూ, నువ్వు చెప్పు."

నాకు భయమేసినప్పుడు వేళాకోళం తప్ప వేరే భాష రాదు. అది నా జబ్బు. "ఒక్క గోలే వెనకున్నాం మావయ్యా. టైము కూడా లేదు. గోలీని తీసేద్దాం" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. "మరి కిటికీ చొక్కా ఎవరేసుకుంటారు?"

"నువ్వే."

లోపలికెళ్ళి సంతకం పెట్టాడు. అత్తయ్య గోడ వైపు తిరిగి కూర్చుంది. "ఆటనుకున్నావురా నువ్వు" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

ఆపరేషన్ అయింది. ఆయనకి తెలివి రాలేదు. నాలుగు రోజులు. మా జట్టంతా రక్తం ఇవ్వడానికి ఆటోనగర్ నుంచి వచ్చింది. గ్రీజు చేతులు కడుక్కుని రమ్మని నర్సమ్మ మెకానిక్కుల్ని రెండుసార్లు వెనక్కి పంపింది. వాళ్ళు మారుమాట్లాడకుండా వెళ్ళి, చర్మం ఊడేలా రుద్దుకుని వచ్చారు. నేను మెట్ల కింద నిలబడి ప్రార్థన చేశాను. ఫుట్‌సల్లో ఆట ఒక్కో సగంలో జట్టుకి ఒక టైమౌటు ఉంటుంది, ఒక్క నిమిషం. ప్రభువా, మాది ఇంకా వాడుకోలేదు, ఇప్పించు అని అడిగాను. నా వయసులో పదేళ్ళు తీసుకో అన్నాను. ఇక జీవితంలో వేళాకోళం ఆడనన్నాను. ఇరవై అన్నాను. కళ్ళు మూసుకుంటే ఒకటే కనబడేది. బంతి మా ఖాళీ గోలు వైపు దొర్లుతూ ఉంది, నేను వెనకాల పరిగెడుతున్నాను. నాలుగు రోజులూ అది దొర్లుతూనే ఉంది.

మంగళవారం గోల్లో పడింది.

నేను వద్దని ఉంటే ఆయన ఇవాళ మిషను దగ్గర కూర్చుని ఉండేవాడా? కూర్చోలేకపోయినా, మంచం మీద పడుకుని నన్ను తిడుతూ ఉండేవాడు కదా? ఈ ప్రశ్న మీద నాకు హాస్యం రావడం లేదు. ప్రయత్నించాను.

ఇంటికి తీసుకొచ్చాక సంఘపెద్ద ఒకాయన బట్టల సంగతి ఎత్తారు. పక్కవీధి టైలరుకి చెబుదామన్నారు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. ఈస్టరు కోసం మావయ్య తనకి తాను కుట్టుకుని, ఒంట్లో బాగోక తొడుక్కోలేకపోయిన తెల్లచొక్కా బీరువాలో ఉంది. అది తెచ్చింది. కానీ అది పాత మావయ్య కొలత. ఆమె చొక్కా పట్టుకుని అక్కడున్న అందరి వైపూ చూసింది.

"ఆయన ఇప్పుడు మీలో ఎవరంత ఉన్నారు?"

 కాసేపటికి ఒక్కొక్కరే నా వైపు తిరిగారు.

దుకాణంలోకి వెళ్ళాం, ఆమే నేనూ. నా బనీను మీద ఆ చొక్కా తొడుక్కున్నాను. ఆపరేషన్ తర్వాత అత్తయ్య నాతో మాట్లాడిన మొదటి మాట, "నిటారుగా నిలబడు." నిలబడ్డాను. పక్కల వదులుగా ఉన్నచోట మడిచి గుండుసూదులు పెట్టింది. తర్వాత వెనక్కి వెళ్ళింది. సుద్ద వీపు మీద ఆనింది. కాలరు నుంచి కింది దాకా ఒక గీత గీస్తుందనుకున్నాను. అడ్డంగా గీసింది. కిందికి గీసింది. మళ్ళీ అడ్డంగా, మళ్ళీ పైకి. నలుచదరం. దాని పైనుంచి కాలరు దాకా, కింద నుంచి అంచు దాకా ఒక్కో గీత.

ఈసారి చక్కిలిగింత పెట్టలేదు.

చొక్కా విప్పాను. ఆమె మావయ్య కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. బతికుండగా ఆ కత్తెర ముట్టుకుంటే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు.

"గోలీని తీసెయ్యమంది నువ్వేగా. నువ్వే కొయ్యి."

అది తిట్టో, మన్నించడమో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు. కోశాను. కుడివైపు అంచు వంకరగా వచ్చింది. సరిచేయబోతే ఆమె చొక్కా లాగేసుకుంది. సూదిలో దారం ఎక్కించి, బల్ల మీద కూర్చుని, కిటికీ చుట్టూ కాజా కుట్టు మొదలుపెట్టింది.

బయట పాస్టరు గారు వచ్చేశారు. సమాధుల తోట దగ్గర మనుషులు ఎదురుచూస్తున్నారని కబురొచ్చింది. సంఘపెద్ద గుమ్మంలోంచి తొంగిచూసి, "అమ్మా, పెట్టెలో వీపు వైపు ఎవరు చూస్తారు? వదిలెయ్యండి" అన్నారు.

"పోగులొచ్చేస్తాయండీ" అంది అత్తయ్య. నాలుగు వైపులా పూర్తయ్యేదాకా లేవలేదు.

తొడిగేటప్పుడు ఒక చెయ్యి నేను పట్టుకున్నాను. ముందు నుంచి చూస్తే గుండీలన్నీ పెట్టుకున్న పెద్దమనిషి. వెనక కిటికీలోంచి అంకె కనబడాలి. ఆయనకి అంకె లేదు. వీపు ఉంది, అంతే.

కోసిన తెల్లముక్క నా చేతిలో మిగిలిపోయింది. ఏం చెయ్యాలో తోచక మిషను సూది దగ్గర బట్టని అదిమిపట్టే పాదం కింద పెట్టి, పాదం దించాను. అత్తయ్య చూసింది, తియ్యమనలేదు. రోజూ సాయంత్రం వెళ్ళి దుకాణం తలుపు తీస్తున్నాను, కాసేపు కూర్చుని వేసేస్తున్నాను. మిషను నూనె ఆ ముక్క ఒక మూల నుంచి లోపలికి పాకుతోంది. నిన్నటికి సగం దాకా వచ్చింది.