అక్కయ్య అరచేతిలో అజొల్లా

మా పెద్ద తోడికోడలు పోయేరండీ. పోయిన నెల ఓ పొద్దున్నే బావగారు ఫోన్ చేసి, "మీ అక్కయ్య ఇక లేదమ్మా" అన్నారు. ఏడ్చేను. ఏడుస్తూనే, ఇక ఊరంతా ఆవిడ గురించే చెప్పుకుంటారు కాబోలు అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, దాచి లాభం లేదు.

నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెబుతాను. ఆవిడ చదివింది ఏడో తరగతి. కొత్తపేట దగ్గర కొబ్బరితోటలో గుంట తీసి, టార్పాలిన్ పరిచి, పేడ కలిపిన నీళ్ళు నింపి, అజొల్లా పెంచేవారు. మొదట విత్తుగా గుప్పెడు మొక్కలు ఇచ్చింది నేను. "ఇది నాచు కాదక్కయ్యా, నీటిమీద తేలే ఫెర్న్. పువ్వూ కాయా ఉండవు" అని చెప్పింది నేను. దాని ఆకుల్లో కాపురముండే సూక్ష్మజీవి గాలిలో నత్రజని పట్టి వరికి బలమిస్తుందనీ, గేదెలకి మంచి మేతనీ చెప్పిందీ నేనే. మరి రైతులు బకెట్లు పట్టుకుని ఎవరింటికొచ్చేవారు? ఆవిడింటికి! నా దగ్గరికొచ్చేది మార్కుల కోసం. ఒళ్ళు మండిపోయేది.

ఎవర్నీ ఉత్తి చేతులతో పంపేవారు కాదు. "ఇచ్చేకొద్దీ పెరిగేది చదువొక్కటే కాదు, ఇదీనూ" అనేవారు.

ఓసారి ఎవరో కొత్త విత్తు తెచ్చేరు. నేను పైపైన చూసి, "ఇదీ మన పిన్నేటా రకమే" అనేసేను. ఆవిడ పాతదీ కొత్తదీ అరచేతిలో వెల్లకిలా తిప్పి, "కాదమ్మాయ్. మనదాని వేళ్ళకి నూగుంది, దీనికి లేదు. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు.

"మీరు పాలు పితకండి, పేర్లు నేను చూసుకుంటాను" అన్నాను. ఆవిడ నవ్వేసేరు. బావగారు పక్కనే గేదెని కడుగుతున్నారు. ఆ పూటా ఆవిడ గిన్నెడు జున్నుపాలు ఇచ్చి పంపేరు. సిగ్గులేకుండా తెచ్చుకున్నాను.

కాలేజీలో మైక్రోస్కోపు కింద పెడితే ఆవిడ మాటే నిజం. నూగున్నది పిన్నేటా, లేనిది మైక్రోఫిల్లా. మర్నాడు క్లాసులో అది నేనే కనిపెట్టినట్టు చెప్పేను. తర్వాత రైతుల సభలోనూ అంతే. ముందు వరసలో కూచుని ఆవిడ కూడా చప్పట్లు కొట్టేరు. ఇదిగో, ఇన్నాళ్ళకి మీతో చెబుతున్నాను. కనిపెట్టింది మా అక్కయ్య.

పెద్దకర్మ రోజున పశువుల డాక్టరుగారు పదిమందిలో, "వేళ్ళు చూసి రకం చెప్పడం మీరే కదండీ మాకు నేర్పేరు?" అని నన్నడిగేరు. ఎదురుగా దండేసిన ఫొటో. అప్పుడైనా చెప్పొచ్చు. నా నోట్లోంచి ఔనన్నట్టు వచ్చింది "ఆయ్" అని ఒక్క మాటే.

బావగారు నావైపు చూసేరు. జల్లెడ తీసుకుని గుంట దగ్గర వంగేరు. నన్నూ ఉత్తి చేతులతో పంపకూడదని కాబోలు, నాలుగు దోసిళ్ళు తోడి, పేడవాసన పోయేదాకా మంచినీళ్ళతో కడిగేరు. ఆ జల్లెడలోంచి నీళ్ళు కారుతున్నంతసేపూ నేను అక్కడే నిలబడిపోయేను.