శుక్రవారం సెమినార్లో పనసపొట్టు కూర

ఆ రోజుల్లో మా భాషాశాస్త్ర విభాగంలో మనిషి విలువ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి తేలేది. ఆ వేళకి పై అంతస్తులోని పొడుగాటి గదిలో సెమినారు ఉండేది. ఎవరో ఒక పరిశోధక విద్యార్థి లేచి తాను తవ్వి తీసింది చెప్పడం, మిగతావాళ్లు దాన్ని మళ్లీ పూడ్చిపెట్టడం, తరవాత అందరూ కలిసి టీ తాగడం. నేను విద్యార్థి సంఘానికి కార్యదర్శిని. (పెద్ద పదవేమో అనుకోకండి. గోడపత్రికకి వ్యాసాలు ఇమ్మని మిత్రుల వెంటపడటం, సెమినారుకి టీ, బిస్కట్లు తెప్పించడం, ఇంతే నా అధికార పరిధి.) రెండేళ్లపాటు అందరి ప్రసంగాలకీ టీలు అందించాను గానీ నేను మాత్రం నోరు విప్పలేదు. వెనక వరసలో కూర్చుని, మా విభాగానికి పెద్ద అయిన మేస్టారు ఏం చెప్పినా అర్థమైనట్టు తలూపేవాణ్ని. ఆ తలూపడంలో మాత్రం నన్ను మించినవాడు మా విభాగంలో లేడు.

నాది కోనసీమలో పలివెల పక్కన చిన్న ఊరు. హాస్టల్లో చేరిన కొత్తలో ఎవరేం అడిగినా అలవాటు కొద్దీ 'ఆయ్' అన్నాను. వారం తిరక్కుండా నా పేరే 'ఆయ్ గారు' అయిపోయింది. మెస్సులో సాంబారు పోసేవాడు కూడా 'ఆయ్ గారూ, ఇంకో గరిటె?' అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచీ ఆయ్ మానేశాను. అండీలు తగ్గించాను. ఆర్నెల్లు తిరిగేసరికి రేడియోలో వార్తలు చదివే పెద్దమనిషిలా తయారయ్యాను. జనం మాటని ఉన్నదున్నట్టు గౌరవించాలని పగలంతా పాఠం వినడం, సాయంత్రం అద్దం ముందు నిలబడి నా మాటని నేనే ఉతికి ఆరేసుకోవడం. ఇందులో ఏదో తేడా ఉందని అప్పట్లో నాకు తట్టనే లేదు.

రెండో ఏడు చివర్లో మేస్టారు పిలిచి, మీ కోనసీమకి వెళ్లి కొబ్బరి పనివాళ్ల మాటలు టేపు మీద పట్టుకురా, మూడో శుక్రవారం నీ ప్రసంగం అన్నారు. స్కాలర్‌షిప్పు ఇంకో రెండేళ్లు పొడిగించాలా వద్దా అన్నది ఆ ప్రసంగం విన్నాకే చూస్తామన్నారు. పొడిగించకపోతే నా గతేమిటో నాకు బాగా తెలుసు. ఊళ్లో మా నాన్నగారు నా కోసం ఒక బడిపంతులు ఉద్యోగం చూసి ఉంచారు. మన వీధిలో వాళ్లు మాట్లాడే మాటలు రాసుకోవడానికి అంత దూరం వెళ్లి చదవాలా అని ఆయన మొదటినుంచీ అడుగుతూనే ఉన్నారు.

విభాగం మొత్తానికి ఒకటే టేపురికార్డరు. హార్మోనియం పెట్టెంత ఉండేది, బరువు మాత్రం దాన్ని వాయించే మనిషంత. దాన్ని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా బస్సులో కూర్చున్నాను. జొన్నాడ దగ్గర గోదావరి దాటేటప్పటికి నా కాళ్లు నావి కాకుండా పోయాయి. మా ఇంటికి వెళితే నాన్నగారి ప్రశ్న ఉంటుంది కాబట్టి తిన్నగా మేనమామ గారింటికి వెళ్లాను. ఆయనకి కొబ్బరితోట ఉంది. పెరట్లో ఎప్పుడూ కాయలు రాశిపోసి ఉంటాయి, ఒలిచేవాళ్లు ఉంటారు. ఇంతకంటే ఏం కావాలి?

కానీ మా మావయ్యగారి ఉత్సాహాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. మేనల్లుడు మిషను తెచ్చాడు, మన మాటలు యూనివర్సిటీలో వినిపిస్తాడట అని ఆయన రాత్రికి రాత్రే ఊరంతా చెప్పేశారు. మర్నాడు నేను వెనక వసారాలో మిషను పెట్టుకుని చూద్దును కదా, పెరట్లో పని బందు. ఒలుపువాళ్లందరూ తలంటుకుని, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, పెళ్లికి వచ్చినట్టు బెంచీల మీద కూర్చున్నారు. గోచీ బిగించి గునపం మీద కాయలు ఒలిచే తాత అయితే నుదుట బొట్టు పెట్టి, కండువా కూడా వేసుకొచ్చాడు. పాతికేళ్లు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి. మైకు కనిపించగానే గొంతు సవరించుకుని, 'ఓ సభాసదులారా! నారికేళ ఫలమనగా యెట్టిదనిన' అని అందుకున్నాడు. నేను మామూలుగా మాట్లాడమని బతిమాలాను. చదువుకున్న పెద్దలు వింటుంటే మామూలుగా ఎలా మాట్లాడతామండీ, తప్పు కదండీ అన్నాడు. అరగంటపాటు పద్యాలు, రాగాలు. నాకు కావలసిన మాట ఒక్కటి దొరకలేదు. (అద్దం ముందు నేను చేసిన పనే ఆయన మైకు ముందు చేశాడు. అది కూడా అప్పుడు తట్టలేదు.)

ఈలోగా అత్తయ్యగారు వడ్డించాననడంతో అక్కడే వసారాలో విస్తరి ముందు కూలబడ్డాను. ఆ దిగులులో మిషను ఆపానో లేదో చూసుకోలేదు. పనసపొట్టు కూర, ముక్కల పులుసు. నేను తింటున్నంతసేపూ ఆవిడ అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఏం చెప్పానో మాత్రం చేయి కడుక్కునేసరికి మరిచిపోయాను. తాత కండువా విప్పి కొమ్మకి తగిలించి తన పనిలో పడ్డాడు. నేను రెండు రోజులు ఊరికే తిరిగి, చేతికందిన మాటలేవో కాగితం మీద రాసుకుని వెనక్కి వచ్చాను. విభాగంలో మిషను కాపలాదారు దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మళ్లీ శుక్రవారం మూడింటికే బయటికి తీశాడు. టేపు నేను వినలేదు.

ఆ శుక్రవారం గది నిండిపోయింది. (టీలు పంచేవాడు ఏం మాట్లాడతాడో చూద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ.) ఇస్త్రీ చొక్కాతో, రేడియో భాషతో మొదలుపెట్టాను. పద్యాలు కాస్తయినా తప్పిద్దామని టేపుని చాలాదూరం ముందుకి జరిపి, నమూనాగా ఒక్క నిమిషం చాలనుకుని తిప్పాను. తాత రాగం తీయగానే గదంతా నవ్వు. చెమటలు పట్టాయి. పరువు దక్కించుకుందామని నల్లబల్ల వైపు తిరిగి గబగబా పట్టిక గీయడం మొదలెట్టాను. ఆ కంగారులో టేపు ఆపడం ఇక్కడా మరిచిపోయాను. కాసేపటికి నా వెనక నా గొంతే వినిపించింది.

"ఆయ్, చాలండీ అత్తయ్యా. ఇంక పట్టదండీ. సరే, ఒక్క గరిటె ఎయ్యండి. కూర బావుందండీ, పులుసులోనే ఉప్పు తగ్గింది."

సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. గది గొల్లుమంది. ఆ మొహాలు చూడలేక దానికోసం కిందకి వంగి వెతికాను. ఈలోగా టేపులో అత్తయ్యగారు, అక్కడ చదువు ఎలా ఉంది నాన్నా, మీ మేస్టారు మంచివారేనా అని అడిగారు.

"మేస్టారు దేవుడండీ. కానీ ఆయన చెప్పేదాంట్లో సగం నాకు బోధపడదండీ అత్తయ్యా. అర్థమైనట్టు తలూపేస్తాను. అడిగితే ఏం నవ్వుతారోనని భయమండీ. ఈ స్కాలర్‌షిప్పు పోతే నాన్నగారి దగ్గరికి ఏ మొహంతో వెళ్లేదండీ?"

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. మొదటి వరసలో మేస్టారు. నేను మిషను వైపు అడుగు వేస్తే ఆయన చెయ్యెత్తి ఆపారు. అత్తయ్యగారు, ముందు మజ్జిగ పోసుకో అన్నారు. ఆ వెనకే పెరట్లోంచి, కండువా విప్పేసిన తాత ఎవరికో చెబుతున్న మాటలు దూరంగా, స్పష్టంగా వినిపించాయి.

"ఊపి చూడ్రా. లోపల ఆడతందంటే ముక్క చిప్పనొదిలేసిందన్నమాట. అప్పుడది కురిడీ. ఆడకముందే కొట్టేవనుకో, కాయా పోద్ది, నీ రెక్కల కష్టమూ పోద్ది."

అలా ఇరవై నిమిషాలు. గునపం చప్పుడు, కాయల రకాలు, వాటి పేర్లు, తిట్లు, మధ్యలో కాకులు. మేస్టారు కళ్లద్దాలు సర్దుకుని రాసుకుంటూ కూర్చున్నారు. టేపు చివరికొచ్చి టపటపా కొట్టుకుంటుంటే లేచి ఆయనే ఆపారు. నేను బడిపంతులు ఉద్యోగానికి మనసులో సిద్ధమైపోయాను.

"ఏమయ్యా," అన్నారు. "రెండేళ్లలో నువ్వు నిజంగా మాట్లాడగా వినడం ఇదే. తాతా అంతే, నువ్వూ అంతే. ఇంతకీ అర్థం కానిది ఏ సగం?"

తల వంచుకుని, "ఆయ్, మొదటి సగమండీ," అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. స్కాలర్‌షిప్పు పొడిగించారు. షరతు ఒకటే, మళ్లీ వెళ్లి ఆ వసారాలోనే నెల్లాళ్లు భోజనం చేసి రమ్మన్నారు. ఆ తరవాత రెండేళ్లపాటు ప్రతి శనివారం ఉదయం తన గదిలో కూర్చోబెట్టుకుని ఆ మొదటి సగం మొదటినుంచీ చెప్పారు.

నెల్లాళ్ల భోజనానికి వెళ్లినప్పుడు అత్తయ్యగారికి కథంతా చెప్పి, మీ వల్లే గట్టెక్కానండీ అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "అయితే పులుసులో ఉప్పు తగ్గిన సంగతి కూడా అందరూ విన్నారా?" అన్నారు. ఆ నెల్లాళ్లూ పులుసులో ఉప్పు తగ్గలేదు సరికదా, రోజూ ఒక పిసరు ఎక్కువే పడింది. నోరు మూసుకుని తిన్నాను.

తరవాత నేనూ మేస్టారినయ్యాను, రిటైరూ అయ్యాను. పాఠం మధ్యలో ఎవరైనా మరీ జోరుగా తలూపితే ఆగి, ఏ సగం బాబూ అని అడిగేవాణ్ని. విభాగం పాత సామాను వదిలించుకునేటప్పుడు ఆ టేపు నాకిచ్చేశారు. బీరువాలో ఉంది. తిప్పడానికి మిషను లేదు. అత్తయ్యగారు పోయి చాలా ఏళ్లయింది, తాత అంతకు ముందే. అప్పుడప్పుడు ఆ టేపు డబ్బా తీసి ఊరికే చేత్తో పట్టుకుని కూర్చుంటాను. అందులో ఒక కుర్రాడు చొక్కా నలగనిచ్చి, మాట ఉతకడం మరిచిపోయి, చాలండీ అత్తయ్యా అంటూనే విస్తరి ముందుకు జరుపుతున్నాడు. వెర్రివాడు, పులుసులో ఉప్పు తగ్గిందంటున్నాడు. ఇప్పుడైతే ఆ పులుసు నేను ఉప్పు లేకుండానైనా తింటాను.